రేకుల ఇల్లు, పసిబిడ్డ, కొరాపుట్ చలి: ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

సెమిలిగుడ కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర ఒక పల్లె. మా వారికి ఉద్యోగం మారడంతో ఈ ఏడు వానలకు ముందు కొరాపుట్ జిల్లా సెమిలిగుడకు వచ్చి, ఒక ఒడియా కుటుంబం వారి ఇంట్లో అద్దెకు దిగాము. దసరా వెళ్ళి వారం కాలేదు, అప్పుడే తెల్లవారుజామున కాళ్ళు ముడుచుకుని పడుకోవలసి వస్తోంది. ఇది చలి కాదనీ, అసలు చలి నెలగంట పెట్టాక మొదలవుతుందనీ ఇరుగుపొరుగు వారు నవ్వుతూ చెబుతుంటే నాకు గుబులుగా ఉంది. ఎందుకంటే ఇంట్లో రెండు నెలల పాప ఉంది. డెబ్బై దాటిన మా అత్తగారికి ఉబ్బసం, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి.

ఇల్లు మూడు గదుల వరస. గోడలు ఒక ఇటుక మందం. ముందు రెండు గదుల మీద సిమెంటు రేకులు, వంటింటి మీద జింకు రేకులు వేశారు. నేల నున్నటి సిమెంటు గచ్చు. మేము పడుకునే గదికి ఉత్తరాన ఒక కిటికీ, దక్షిణాన వాకిట్లోకి తలుపు ఉన్నాయి. గోడకూ రేకుకూ మధ్య అక్కడక్కడ చెయ్యి పట్టేంత సందు ఉంది. ఇంటివారు మంచివారే, గోడలు పగలగొట్టనంత వరకు ఏం చేసుకున్నా అభ్యంతరం లేదన్నారు. మేము పెట్టగలిగింది ఆరేడు వేల రూపాయలు.

మా అత్తగారు, బాలింత మంచం కింద కుంపటి పెట్టుకోవడం తరతరాలుగా ఉన్నదే కదా, రాత్రికి నిప్పులు వేసి తలుపులు బిగిస్తే చాలు అంటున్నారు. మా వారు 2,000 వాట్ల హీటరు కొని తెచ్చారు కానీ, పది నిమిషాలకే గోడలోని ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నాకేమో రెండూ భయంగానే ఉన్నాయి. ముందుగా ఏ పని చేసుకోవాలో, దేనికి డబ్బు పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాత ఓవర్సీరు, కొరాపుట్

అమ్మా, మీరు దసరాకే అడిగారు, సంతోషం. చాలామంది పుష్యమాసంలో అడుగుతారు, అప్పటికి వెదురు తడకలు అల్లేవాళ్ళకు చేతినిండా పని ఉంటుంది.

టెక్కలి నుంచి వచ్చినవారికి ఇక్కడి చలి ఎందుకు కొత్తగా ఉంటుందో ముందు చెబుతాను. కొరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే లెక్కన, మీ ఊరికీ ఇక్కడికీ ఐదారు డిగ్రీల తేడా కేవలం ఎత్తు వల్లనే వస్తుంది. దానికి తోడు సముద్రం దగ్గరగా ఉండడం రాత్రిపూట కోస్తాను కాస్త వెచ్చగా ఉంచుతుంది, మాకు ఆ అదృష్టం లేదు. వానలు వెళ్ళిపోయాక ఆకాశం నిర్మలమవుతుంది, పగలు ఎండ బాగానే కాస్తుంది, పొద్దు గుంకగానే ఆ వేడి అంతా పైకి వెళ్ళిపోతుంది.

ఆ వేడి ఎక్కువగా వెళ్ళేది ఇంటి కప్పు గుండానే. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదులుతూ, చివరికి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. మీరు, పాప, అత్తగారు వదిలే ఊపిరిలోని తేమ వెళ్ళి ఆ చల్లటి రేకుకు తగిలి నీటి బొట్లుగా మారి, తెల్లవారుజామున మంచం మీద చుక్కలుగా పడుతుంది. దీన్ని చూసి రేకు కారుతోందని తారు పూయించినవాళ్ళను నేను ఎందరినో చూశాను. తారుకు డబ్బు దండగ తప్ప చుక్కలు ఆగవు.

అందువల్ల మీ ఆరేడు వేలలో పెద్ద భాగం పడక గది కప్పు కిందనే ఖర్చు పెట్టండి, మిగిలిన రెండు గదుల సంగతి ఈ ఏడు వదిలేయవచ్చు. రేకుకు ఒకటిన్నర రెండు అడుగుల కిందుగా, గోడ నుంచి గోడకు నాలుగైదు వెదురు గడలు అడ్డంగా పెట్టించి, వాటి మీద దగ్గరగా అల్లిన తడకలు పరిపించండి. తడక మీద పాత గోనెపట్టాలు రెండు వరసలు వేస్తే సందులు మూసుకుంటాయి. వెచ్చదనం ఇచ్చేది తడక కాదు, తడకకూ రేకుకూ మధ్య కదలకుండా నిలిచే గాలి. ఆ గాలి కదలకూడదంటే గోడకూ రేకుకూ మధ్య మీరు చెప్పిన సందులు కూడా మూయాలి. పాత గుడ్డలు సున్నపు తేటలో ముంచి దూర్చినా, మట్టి మెత్తినా సరిపోతుంది. తడకకు పైన ఉన్న సందులను ఇలా మూయండి కానీ, తడకకు కింద, గదిలోకి తెరుచుకునే వెంటిలేటరును మాత్రం మూయవద్దు. గదిలో గాలి మారడానికి ఆ దారి ఉండాలి.

థర్మోకోల్ అట్టలు చవకగా వస్తాయని ఎవరైనా చెబితే వినకండి. వెచ్చగా ఉంటాయన్నది నిజమే, కానీ నిప్పురవ్వ తగిలితే కరిగి మండుతూ కిందికి కారతాయి, పొగ కూడా చాలా చెడ్డది. ఇంకొక హెచ్చరిక ఏమిటంటే, సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ ఉంటుంది. కొక్కేల కోసం దానికి బెజ్జాలు వేయడం, రంపంతో కోయడం చేస్తే ఊపిరితిత్తులకు హాని చేసే సన్నటి పీచు గాలిలోకి లేస్తుంది. కాబట్టి కట్టవలసినవన్నీ గోడలకో దూలాలకో కట్టించండి. కొందరు రేకుల మీద వరిగడ్డి పరుస్తారు. పద్ధతి మంచిదే గానీ, పాత సిమెంటు రేకు మనిషి బరువుకు పుటుక్కున విరుగుతుంది. గడ్డి పరచడానికి ఎక్కి నడుము విరగ్గొట్టుకున్న మనిషి మా వీధిలోనే ఉన్నాడు.

ఇక ఎండ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. డిసెంబరు మూడో వారంలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే మీ దక్షిణపు తలుపు గుండా ఎండ గది లోపలికి బాగా చొరబడుతుంది. ఉదయం తొమ్మిదికి తలుపు బార్లా తెరిచి, పడకలూ దుప్పట్లూ ఆ ఎండలో వేసి, మూడున్నరకల్లా మూసేయండి. ఎండ పోయాక ఇంకో గంట తెరిచి ఉంచితే పగలంతా గచ్చులో చేరిన వేడి పోతుంది. ఉత్తరపు కిటికీకి మందపాటి తెర వేసి, మంచాన్ని ఆ గోడకు ఒక మూర దూరం జరపండి.

రిటైర్డు నర్సు, రాయగడ

కుంపటి గురించి నేను చెబుతాను. నా ఉద్యోగ జీవితంలో మరిచిపోలేని తెల్లవారుజాములు కొన్ని దానితోనే ముడిపడి ఉన్నాయి.

ముందుగా మీ అత్తగారిని తప్పు పట్టవద్దని మనవి. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం ఆమె కళ్ళారా చూసిందే, ఆ పిల్లలు బతికి బట్టకట్టిందీ నిజమే. కానీ అప్పటి ఇల్లు వేరు. గడ్డి కప్పు, మట్టి గోడ, గోడకూ చూరుకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు, సరిగ్గా మూసుకోని తలుపు. బొగ్గు వదిలిన గాలి ఎక్కడికక్కడ బయటికి పోయేది. ఇప్పుడు ఓవర్సీరు గారు చెప్పినట్టు సందులన్నీ మూసి, తడక కట్టి, తలుపు బిగించిన గదిలో అదే కుంపటి పెడితే, ఆ గాలికి దారి లేదు. ఆచారం అదే, ఇల్లు మారింది. ఈ మాట ఇలాగే చెబితే పెద్దవాళ్ళు వింటారని నా అనుభవం. మీకు తెలియదు అని మొదలుపెడితే వినరు.

బొగ్గు అరకొరగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, కొంచెం కొంచెంగా పీల్చినా ఒంట్లో పేరుకుపోతుంది. చాలామంది పొగ పోయేదాకా కుంపటిని బయట ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెస్తే ప్రమాదం లేదనుకుంటారు. పొగ లేని ఎర్రటి నిప్పులు, పైన బూడిద కప్పి రాత్రంతా నిలిపినవి, ఈ వాయువును ఇస్తూనే ఉంటాయి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, తల తిరగడం దీని లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు. రెండు నెలల పాప చెప్పలేదు. అటువంటి అనుమానం కలిగితే ముందు అందరినీ ఆరుబయటికి తీసుకువచ్చి, తరువాత 108కి ఫోను చేయాలి.

అత్తగారికి నిప్పు సెగ కావాలనే ఉంటే సాయంత్రం వాకిట్లోనో, తలుపులు తెరిచిన వరండాలోనో కుంపటి పెట్టుకుని, చేతులూ మోకాళ్ళూ కాచుకోనివ్వండి. ఉబ్బసం ఉంది కాబట్టి పచ్చికట్టెలు, పిడకలు వద్దు. పడుకునే ముందు దాన్ని బయటనే వదలాలి. పాపకు సాంబ్రాణి పొగ కూడా మానేస్తే మంచిది. రాత్రికి వేడినీళ్ళ రబ్బరు సంచీ అత్తగారికి బాగా పనికివస్తుంది. మరుగుతున్న నీళ్ళు పోయకుండా, సంచీకి గుడ్డ చుట్టి, పడుకోవడానికి అరగంట ముందు పక్కలో పెట్టి, పడుకునేటప్పుడు కాళ్ళ దగ్గరికి జరపండి. ఆమెకు చక్కెర వ్యాధి ఉండి అరికాళ్ళు మొద్దుబారి ఉంటే మాత్రం పడుకునేటప్పుడు సంచీ తీసేయాలి, ఎందుకంటే కాలినా తెలియదు.

పాప విషయంలో తల్లులు చేసే పొరపాటు చలికి భయపడి మూటగట్టడం. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, మీరు వేసుకున్నదానికి ఒక పొర ఎక్కువ వేస్తే సరిపోతుంది. మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడుతుంటే ఒక పొర తీయండి. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడవద్దు, పసిపిల్లల చేతులు అలాగే ఉంటాయి. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, మొహం మీదికి జారే బొంతలు, దిండ్లు లేకుండా పడుకోబెట్టండి. వేడినీళ్ళ సంచీని పాప పక్కన ఉంచనే కూడదు. పగలు మాత్రం మీ గుండెకు ఆనించి, ఇద్దరినీ కలిపి ఒక శాలువా కప్పుకుంటే దాన్ని మించిన వెచ్చదనం ఏ పరికరమూ ఇవ్వదు. మీకు నిద్ర వస్తున్నట్టు ఉంటే మాత్రం పాపను తన పక్క మీదికి మార్చండి.

కరెంటు మేస్త్రి, సునాబెడ

ఆ హీటరును దయచేసి ఆ ప్లగ్గులో మళ్ళీ పెట్టవద్దు. 2,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు వస్తుంది. మీ గోడలో ఉన్నది బల్బులకూ ఫ్యానుకూ వేసిన 6 ఆంపియర్ల సాకెట్టు అయి ఉంటుంది. సాకెట్టు వేడెక్కిందంటే లోపలి తీగ కూడా వేడెక్కినట్టే. ఇంటివారి అనుమతితో మీటరు దగ్గరి నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు ఒకటి పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో వాడడం అన్నిటికంటే ప్రమాదం.

ఖర్చు కూడా చూసుకోవాలి. 2,000 వాట్లంటే గంటకు రెండు యూనిట్లు. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే 16, నెలకు 480 యూనిట్లు. కప్పు కింద తడక లేని రేకుల గదిలో అంత కాల్చినా, స్విచ్చు ఆపిన పావుగంటలో గది మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే ఓవర్సీరు గారి పని ముందు, నా పని తరువాత. గది సిద్ధమయ్యాక పడుకునే ముందు అరగంట నడిపి, మనుషులు నిద్రలోకి జారకముందే ఆపేయండి. ఎర్రటి కడ్డీల రకమైతే మంచానికి, తెరలకు మూడు అడుగుల దూరంలో ఉండాలి.

బొంతలు కుట్టే పెద్దమ్మ, జయపురం

మేము ఘాటీ (కొండదారి) కింద ఉన్నాము కాబట్టి మీ అంత చలి మాకు లేదు కానీ, మా పుట్టిల్లు నందపురం పక్కన కావడంతో ఆ చలి నాకు తెలుసు. మాఘమాసంలో మంటలో పడ్డా చలి తీరదని మా అమ్మమ్మ అనేది.

పైనుంచి వచ్చే చలి గురించి అందరూ చెప్పారు. కింది నుంచి వచ్చే చలి మాట ఎవరూ ఎత్తలేదు. నేల మీద పడుకునేవారికి గచ్చు ఒంట్లోని వేడిని లాగేస్తుంది, పైన మూడు రగ్గులు కప్పినా లాభం లేదు. పైన ఒకటి తగ్గించైనా సరే కింద రెండు వేయాలి. గోనెపట్టా, దాని మీద చాప, దాని మీద బొంత, ఆ తరువాతే దుప్పటి. మా చిన్నప్పుడు చాప కింద వరిగడ్డి జానెడు మందం పరిచేవారు, ఎంతో హాయిగా ఉండేది కానీ ఎలుకలూ పురుగులూ చేరతాయి కాబట్టి పసిబిడ్డ ఉన్న ఇంట్లో నేను చెప్పను. నులక మంచమైతే కింద నుంచి గాలి ఆడుతుంది, అందుచేత మంచం మీద కూడా పరుపు కింద ఒక బొంత ఉండాలి.

బొంతకు పాత నేతచీరలే మేలు, సిల్కూ పాలియెస్టరూ కలపవద్దు. ఆరేడు మడతలు పరిచి, మధ్యలో చిరిగినవి పెట్టి, పైకీ కిందికీ గట్టివి వేసి, బెత్తెడు ఎడంతో పరుగు కుట్టు వేస్తే పదేళ్ళు వస్తుంది. మీ దగ్గర పాత దూది పరుపు గానీ రజాయి గానీ ఉంటే పారేయకండి. దూది గడ్డకట్టి అణిగిపోయింది కాబట్టి వెచ్చగా ఉండదు, అంతే. దూది ఏకేవారి దగ్గరికి పంపి ఏకిస్తే మళ్ళీ పొంగుతుంది. కార్తీకం దాటితే వాళ్ళు దొరకరు, ఈ నెలలోనే పంపండి.

ఇంకొక మాట. చలి అని తడిబట్టలు గదిలో తీగ కట్టి ఆరేయకండి. ఆ తేమంతా గోడలకు పట్టి బూజు వస్తుంది, మీ అత్తగారి ఉబ్బసానికి అది పొగ కంటే ఏమీ తక్కువ కాదు. పాప గుడ్డలు మధ్యాహ్నంలోగా ఉతికి ఎండలోనే ఆరవేయండి. తలుపు కింది సందుకు మాత్రం, పాత ప్యాంటు కాలు కోసి ఇసుక నింపి రెండు చివరలూ కుట్టి గడప దగ్గర వేసుకోండి. నాకు తెలిసిన చలి ఉపాయాలలో పైసా ఖర్చు లేనిది అదొక్కటే.

సిరొంచ నుంచి

మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మాకు భయపెట్టేది ఎండాకాలం కాబట్టి చలి గురించి చెప్పేంత అనుభవం లేదు. కానీ ఓవర్సీరు గారు చెప్పిన తడకనే మేము ఎండ కోసం కట్టుకుంటాము. రాత్రి వేడిని పోనివ్వని గాలిపొర పగటి వేడిని రానివ్వదు కూడా. అందుచేత శివరాత్రి వెళ్ళిందని విప్పేసి కట్టెల కింద వాడుకోకండి, వైశాఖంలో దాని విలువ తెలుస్తుంది.

సెమిలిగుడ కోడలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. కార్తీక పౌర్ణమి వెళ్ళింది కాబట్టి, ఇంతవరకు జరిగింది రాస్తున్నాను.

పడక గదికి తడక కట్టించాము. సంతలో తడకలు కొని, మనిషిని పెట్టి బిగించుకునేసరికి అనుకున్న డబ్బులో సగానికి పైగా అయింది. గోనెపట్టాలు మా ఇంటివారే ఇచ్చారు. పని చూసిన తరువాత వారు కూడా తమ గదికి కట్టించుకుంటామని అంటున్నారు. హీటరుకు కొత్త సాకెట్టు పెట్టించాము. మొన్న తెల్లవారుజామున ఐదింటికి పాపకు పాలు పట్టడానికి లేచి చూస్తే, థర్మామీటరు బయట 11, గదిలో 17 డిగ్రీలు చూపించింది. హీటరు రాత్రి తొమ్మిదిన్నరకే ఆపేశాము.

కుంపటి విషయం నర్సుగారు చెప్పినట్టే చెప్పాను. "ఇల్లు మారింది అత్తయ్యా" అన్నాక ఆమె కాసేపు పైకి తడక వైపు చూసి, తమ పుట్టింట్లో చూరు కింద పిచ్చుకలు లోపలికీ బయటికీ తిరిగేవని గుర్తు చేసుకున్నారు. ఇప్పుడు సాయంత్రాలు వాకిట్లో కుంపటి పెట్టుకుంటున్నారు, ఇంటివారి అమ్మ కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఆమెకు తెలుగు రాదు, మా అత్తగారికి ఒడియా రాదు, అయినా కబుర్లకు లోటేమీ కనిపించడం లేదు.

ఒక సందేహం మిగిలింది. వంటింటి జింకు రేకు నుంచి తెల్లవారేసరికి పొయ్యి గట్టు మీద నీటి చుక్కలు పడుతున్నాయి. అక్కడ కూడా తడక కట్టవచ్చా?

పాత ఓవర్సీరు, కొరాపుట్

వంటింట్లో పొయ్యి మీదుగా తడక వద్దమ్మా, నిప్పు భయం. రాత్రి వంట అయ్యాక అన్నం వార్చిన ఆవిరీ, వేడినీళ్ళ ఆవిరీ బయటికి పోయేలా ఒక అరగంట వంటింటి కిటికీ తెరిచి, పడక గది వైపు తలుపు మూసి ఉంచండి. చుక్కలు చాలావరకు తగ్గుతాయి. ఇంకా పడుతుంటే పొయ్యికి దూరంగా, సామాన్లు పెట్టుకునే వైపు మాత్రం రేకు కింద ఒక ప్లాస్టిక్ పట్టాను ఏటవాలుగా కట్టి, దాని కింది అంచును గోడ దగ్గరికి తీసుకువస్తే నీళ్ళు గోడ వారగా దిగిపోతాయి. అక్కడ ఒక గిన్నె పెట్టుకోండి.

వెంటిలేటరు తెరిచే ఉంచారా లేదా అన్నది మీరు రాయలేదు. అది చూసి చెప్పండి.

సెమిలిగుడ కోడలు

తెరిచే ఉందండి. చలి వస్తోందని మా వారు ఒక రాత్రి అట్టముక్క అడ్డం పెట్టారు, పొద్దున్నే అత్తగారే తీయించారు.